చేటలో రెండు తెల్లగింజలు

చింతపండు కొట్టేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఒకచోట ఆగుతుంది. సుత్తి దెబ్బకు గింజ పైపొట్టు రాలి లోపలి తెలుపు బయటపడుతుంది చూడండి, అక్కడ. మొన్న అట్లా ఆగితే మా కోడలు, "ఏమైంది అత్తమ్మా, ఏలు నలిగిందా?" అంది.

"లే, మున్షీ యాదికొచ్చిండు" అన్నాను.

"ఏ మున్షీ?"

పేరు చెబుదామని నోరు తెరిచి ఊరుకున్నాను. ఏళ్ళ తరబడి మా గడప ముందు నిలబడి మా అందరి పేర్లూ రాసుకుపోయిన మనిషి. ఆయన పేరేమిటని మాలో ఒక్కరం కూడా అడగలేదు. నా మీద నాకే కోపం వచ్చి, చింతపండు అక్కడే వదిలేసి లేచాను.

ఇది నలభైల మొదటి మాట. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందనీ, అందుకే దీపాలకు గ్యాసునూనె దొరకడం లేదనీ అనుకునే రోజులు. ఛత్రినాక అవతల సన్న గల్లీలో మా ఇల్లు. ఆరు బర్రెలు, మా అత్త, నా మగడు, ఆడబిడ్డ సత్తెమ్మ, నేను. మా ఆయన పొద్దున్నే అఫ్జల్‌గంజ్ హోటళ్ళకు పాలు పోసి వచ్చి, బర్రెలను జల్‌పల్లి దిక్కు మేతకు తోలుకుపోయేవాడు. పాలు పితకడం, పేడ ఎత్తడం ఆడవాళ్ళ పని. నేను నాలుగో తరగతి దాకా చదివి వచ్చిన కోడలిని. ఆ నాలుగు తరగతుల వల్ల ఎప్పుడైనా ఎదురు మాట్లాడతానేమోనని మా అత్త నా మీద ఒక కన్ను వేసి ఉంచేది. నేనూ ఆమెకు ఆ అవకాశం ఇవ్వకుండా నోరు కట్టుకుని బతికాను. అదేదో గొప్ప గుణమని అప్పట్లో అనుకునేదాన్ని.

మున్షీ పని చావులు రాయడం. వారానికోసారి గల్లీలన్నీ తిరిగి ఎవరింట్లో ఎవరు పోయారు, వయసెంత, ఏం రోగం అని కచేరీ రిజిష్టరులో ఉర్దూలో రాసుకునేవాడు. మాట మాత్రం మా తెలుగే. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా చంకలో గొడుగు. గల్లీ మొగదలే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని వచ్చేవాడు. ఎవరి గడప ముందు చెప్పులు విడవాలో, ఎవరు వద్దంటారో తేల్చుకోలేక ఆ అలవాటు చేసుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఎక్కడా కూచునేవాడు కాదు. ఎడమ చెయ్యి మడిచి దానిమీద రిజిష్టరు పరుచుకుని నిలబడే రాసేవాడు. రాసే ముందు పెన్సిల్ మొనను నాలుకకు తాకించేవాడు. అది తడిస్తే ఊదారంగుకు తిరిగే పెన్సిల్. అందుకని ఆయన నాలుక, కింది పెదవి ఎప్పుడూ ఊదాగా ఉండేవి. గత్తర రాకుండా బావిలో కలిపే ఊదారంగు మందు దొంగతనంగా తాగుతాడని మా సత్తెమ్మ నవ్వేది.

ఆయనకో మాట ఉండేది. చచ్చిపోయారా అని అడిగేవాడు కాదు. "మీ ఇంట్ల ఎవలన్న తగ్గిండ్రా?" అనేవాడు. మొదటిసారి విన్నవాళ్ళు రోగం తగ్గిందా అని అడుగుతున్నాడనుకునేవారు. ఒకసారి గాజులామె, "ఆఁ, తగ్గింది సాబ్, నిన్నటి సంది గంజి తాగుతున్నడు" అని సంతోషంగా చెప్పింది. ఆయన పెన్సిల్ దించి, "మంచిగున్నది తల్లీ, నాకు గదే గావాలె" అని నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది రెండుసార్లే. అది ఒకటి.

చావులు రాసే మనిషిని ఎవరు దగ్గరికి రానిస్తారు? ఆయన గొడుగు కనిపిస్తే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. మాది పాల ఇల్లు, ఎండలో వచ్చిన బిచ్చగాడికైనా చల్ల పోసేవాళ్ళం. ఆయనకు ఎన్నడూ పొయ్యలేదు. ఆయన వెళ్ళగానే నిలబడ్డ చోట పేడనీళ్ళు చల్లేవాళ్ళం. మా దిక్కున సాంపి అంటాం. మా ఇంట్లో చల్లేదాన్ని నేనే. ఆయనకు ఆ సంగతి తెలుసు. గల్లీ మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూసేవాడు కాదు. చూస్తే మాకు నామోషీ అవుతుందని చూడలేదేమో. నేనైతే చెంబు చేత్తో పట్టుకుని, ఎప్పుడు మలుపు తిరుగుతాడా అని చూసేదాన్ని.

ఒకనాడు మా అత్త ఏ కళన ఉందో, "నీకు పిల్లలెంతమంది బాపూ?" అని అడిగింది.

ఆయన రిజిష్టరులోంచి తల ఎత్తలేదు. "అందరు తగ్గిండ్రమ్మా" అని, రాయడం ముగించి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆనాడు కూడా నేను సాంపి చల్లాను.

చావులు రాసుకోవడంతో ఆయన ఊరుకుని ఉంటే ఆయనకూ మాకూ తంటా ఉండేది కాదు. కానీ ఆయనకో పిచ్చి. రాసిన లెక్క కచేరీ బీరువాలో పడి ఉంటే ఏం లాభం, ఏ గల్లీలో చావులైతే ఆ గల్లీవాళ్ళకే అది తెలియాలి అనేవాడు. "లెక్క మిమ్ముల భయపెట్టనీకె గాదు, ఎరుక చెయ్యనీకె" అనేవాడు. ఇది ఆయన పై అధికారులు చెప్పిన పని కాదు, ఆయన సొంతంగా పెట్టుకున్నది.

కలరాను మేము గత్తర అంటాం. ఒక ఏడు ఎండాకాలం చివర గత్తర వచ్చే సూచనలు కనిపించగానే ఆయన మా అరుగు ముందు నిలబడి, నూటికి ఇంతమంది, వెయ్యికి ఇంతమంది అని కాగితం చూసి చదివాడు. ఎంతమంది అన్నాడో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఎదురింటి దర్జీ అన్న మాట. దర్జీ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "మున్షీ సాబ్, మా గల్లీల పిల్లా జెల్లా కలిపినా నూరు మంది లేరు గద. గా లెక్క మాకు తాకదు" అన్నాడు. అందరూ తలలూపారు. మున్షీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖం చూస్తే బడిలో పంతులు ముందు పాఠం తప్పినవాడిలా అయింది.

మరుసటి వారం గుడ్డసంచి నిండా చింతగింజలు తెచ్చాడు. మా అత్తను చేట అడిగాడు. ఏం చేస్తాడో చూద్దామని ఆమె ఇచ్చింది. గింజలన్నీ చేటలో పోశాడు. నల్లటి గింజల మధ్య రెండు మాత్రం తెల్లవి. పొట్టు గీకి తెచ్చినవి.

"గివన్ని మనుషులనుకోండ్రి. గత్తరొస్తే గీ తెల్లయి తగ్గుతరు. ఎవలు తెల్లయో ముందుగాల ఎవలకు తెల్వది. కండ్లు మూసుకొని తలా ఒకటి తియ్యుండ్రి."

దర్జీ తీశాడు. నల్లది. గాజులామె తీసింది. నల్లది. ఆట బాగుందని పక్క ఇళ్ళవాళ్ళు వచ్చారు, పిల్లలు వచ్చారు. తీసిన గింజను తీసినట్టు అరుగు మీద పక్కన పెట్టించాడు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది. కొందరు తీశాక ఒక తెల్లది వచ్చింది, అందరూ గప్‌చుప్ అయ్యారు. ఇంకా కొందరు తీశాక రెండోదీ వచ్చింది. ఇక చేటలో అన్నీ నల్లవే కదా. అంతవరకూ భయపడి వెనక నిలబడ్డవాళ్ళు కూడా ముందుకు తోసుకుని వచ్చి, "నేను తీస్త, నేను తీస్త" అని నవ్వుతూ లొల్లి చేశారు. మా సత్తెమ్మ ఒకటికి మూడు తీసింది.

మున్షీ కూడా నవ్వాడు. నేను చూసిన రెండో నవ్వు అది. అంతమంది ఆయన చుట్టూ గుమిగూడడం, పిల్లలు ఆయన మోకాళ్ళకు తగులుతూ నిలబడడం అదే మొదటిసారి. అక్కడ ఆపి, ఇది ఇట్లా కాదు, మళ్ళీ మొదటి నుంచి అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ నవ్వులు ఇంకాసేపు ఉండాలని ఉండింది ఆయనకు. తలుపు వెనక నుంచి చూస్తున్న నాకు ఆ చేటలో ఏదో తప్పు జరిగిందని తెలిసింది. రెండు తెల్లవీ బయటికొస్తే మిగిలినవాళ్ళకు భయం లేదని ఎట్లా? గత్తరకు లెక్క తెలుసా, రెండు కాగానే వెళ్ళిపోవడానికి? అనుకున్నాను. అనలేదు. అత్త ముందు, పరాయి మగవాడి ముందు కోడలు నోరు తెరవడమేమిటని ఊరుకున్నాను.

గత్తర వచ్చింది. ముందు దర్జీ తండ్రి పోయాడు. నాలుగు రోజులకు గల్లీ చివర ఒక బాలింత పోయింది.

ఆ సాయంత్రం అరుగుల మీద మాటలన్నీ ఒకటే. "రెండు అయిపోయినయి." తండ్రిని కాలబెట్టి వచ్చిన దర్జీ కూడా అదే అన్నాడు, "మా బాపు పోతే పోయిండు, గల్లీకి ఫికర్ పోయింది" అని. మా అత్త దేవునికి దండం పెట్టుకుంది. రెండు రోజులకు మా గల్లీ మొగదల గత్తర సూది వేసే డాక్టరు వచ్చి బల్ల వేసుకుని కూచున్నాడు. ఎవరూ ఆయన దగ్గరికి పోలేదు. సూది వేయించుకుంటే చెయ్యి వాచి రెండు రోజులు జ్వరం వస్తుందని అందరికీ తెలుసు.

సత్తెమ్మ నా దగ్గరికి వచ్చి, "వదినా, పోదామా?" అంది.

పోదామని నాకూ ఉంది. కానీ మా అత్త లోపలి నుంచి, "చేతులు వాపుకొని కూసుంటే బర్రెల్ని ఎవలు పిండుతరే? మున్షీ రెండన్నడు, రెండైపోయినయి" అంది. సత్తెమ్మ నా ముఖం చూసింది. నేను పాల చెంబు తోముతూ తల వంచుకున్నాను. ఇద్దరం పోలేదు.

తొమ్మిది రోజులకు సత్తెమ్మ పోయింది. పొద్దున పాలు పితికిన పిల్ల, దీపాలు పెట్టే వేళకు లేదు. ఇంతకంటే రాయలేను.

ఆ వారం మున్షీ వచ్చాడు. గల్లీలో మూడో చావని ఆయనకు అప్పటికే తెలిసినట్టుంది. చెప్పులు పట్టుకుని, తల వంచుకుని వచ్చి నిలబడ్డాడు. ఎప్పటి మాట అనలేదు. మా అత్త లేచి ఆయన ఎదురుగా వెళ్ళింది.

"రెండే అంటివి గద" అంది.

ఆయన చేతిలోని చెప్పులు కింద పెట్టాడు.

"రెండే అంటివి. మా పిల్ల మూడోది ఎట్లయింది? చెప్పు."

"చెప్పుడు నాదే తప్పయింది అమ్మా" అన్నాడు. "మీరు ఇన్నది తప్పు గాదు."

మా అత్త ఆయన భుజాన ఉన్న గుడ్డసంచి గుంజి కొట్టంలోకి విసిరింది. మూతి విడిపోయి గింజలన్నీ పేడలో, బర్రెల ఉచ్చలో చెల్లాచెదురయ్యాయి. ఆయన గొడుగు గోడకు ఆనించి, కొట్టంలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూచున్నాడు. ఒక్కొక్క గింజ ఏరి ధోవతి అంచుకు తుడిచి సంచిలో వేసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. గల్లీ అంతా నిలబడి చూసింది, ఒక్కరు సాయం పోలేదు. చివరికి ఒక గింజ దొరకలేదు. చాలాసేపు వెతికి, లేచి, రిజిష్టరు తెరిచి సత్తెమ్మ పేరు రాసుకుని వెళ్ళాడు.

ఆ గింజ మర్నాడు పేడ ఎత్తుతుంటే నాకు దొరికింది. తెల్లది. కడిగి కొంగున ముడి వేసుకున్నాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పగలిగేదాన్ని కాదు.

తర్వాత కూడా ఆయన ప్రతి వారం వచ్చాడు. గింజలు తేలేదు, కాగితం చదవలేదు. అడగడం, రాసుకోవడం, పోవడం. ఎరుక చెయ్యడం మానేశాడు. గత్తర ఆ ఏటికి పోయింది. మరుసటి ఏడు మళ్ళీ ఎండాకాలం చివర, గత్తర రోజులు దగ్గరపడ్డాయి. గల్లీలో ఎవరికీ ఏమీ తెలియదు, చెప్పేవాడు నోరు కట్టేసుకున్నాడు. రాత్రీ పగలూ నాకు అదే ఆలోచన. మళ్ళీ సూది డాక్టరు వస్తే మళ్ళీ ఎవరూ పోరు. ఈసారి ఎవరి పిల్ల?

ఒక మధ్యాహ్నం మా అత్త నిద్రపోతోంది. ఆయన వచ్చి, గొంతు తగ్గించి, "ఎవలన్న తగ్గిండ్రా?" అన్నాడు. లేదని చెప్పి తలుపు వేయాలి నేను. వేయలేదు. సగం తలుపు వెనక నిలబడి, కొంగు ముడి విప్పి, తెల్లగింజను గడప మీదుగా బయటికి తోశాను.

ఆయన వంగి తీసుకున్నాడు. గుర్తుపట్టాడు. "గిది ఇన్నొద్దులు నీ దగ్గరున్నదా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తీసిన గింజ మళ్ళ చేటల ఏయించుండ్రి" అన్నాను.

"ఏందమ్మా?"

"పచ్చీసు ఆడేటప్పుడు గవ్వలు ఏస్తం గద. ఒకపారి పడ్డయని పక్కకు పెడ్తమా? అన్ని ఎత్తుకొని మళ్ళ ఏస్తం. మీరు తీసిన గింజను పక్కకు పెట్టిస్తిరి. గందుకే గల్లీకి రెండే అనుకున్నరు. ఎవలు తీసినా సూపించి మళ్ళ అండ్లనే ఏయాలె. కలిపి మళ్ళ తియ్యాలె. అప్పుడు తెల్లది ఎన్నిసార్లన్న వస్తది."

తలుపు సందులోంచి ఆయన చెయ్యి మాత్రమే కనిపించింది నాకు. అరచేతిలో గింజ, దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"గా దినం నీకు ఎరికేనా గీ సంగతి?" అన్నాడు.

"ఎరికే."

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా నాకు సరిపోయేది. "నాకు గూడ తర్వాత ఎరికైంది. కానీ ఎట్ల చెప్పాల్నో తెల్వలే" అన్నాడు. తర్వాత మెల్లగా, "షుక్రియా, చెల్లే" అని, చెప్పులు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు సాంపి చల్లలేదు. ఆ తర్వాత ఎన్నడూ చల్లలేదు. కానీ గ్లాసెడు చల్ల ఇచ్చానా అంటే, అదీ లేదు. ఇద్దాం, ఇద్దాం అనుకుంటూనే ఉన్నాను.

మరుసటి వారం సంచి మళ్ళీ వచ్చింది. ఈసారి మా అరుగు ఎక్కే ధైర్యం లేక గల్లీ మొగదల నిలబడ్డాడు. గాజులామె చేట ఇచ్చింది. తీసిన గింజను తీసినవాళ్ళ చేతే మళ్ళీ వేయించి, చేట చెరిగి, పక్కవాళ్ళకు పెట్టాడు. తెల్లది ఒకసారి వచ్చింది, వెంటనే మళ్ళీ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. దర్జీ, "అయితే సాబ్, గిది ఖతం గాదా?" అన్నాడు.

"గాదు భాయ్. ఎవలు పోయినా చేట గట్లనే ఉంటది. నీళ్ళు కాగబెట్టి తాగినవనుకో, సూది ఏసుకున్నవనుకో, గిట్ల" అని ఒక తెల్లది తీసేసి దాని బదులు నల్లది వేశాడు.

"రెండోది గూడ తియ్యి మరి" అన్నాడు దర్జీ.

"ఊహూ, తియ్య. మొత్తం పోతదని నేను చెప్ప. అబద్ధం చెప్పిన్నంటే రేపు మీరు నన్ను రానియ్యరు."

సూది డాక్టరు వచ్చిన రోజు ముందుగా బల్ల దగ్గరికి వెళ్ళింది మా అత్త. నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రెండు రోజులు వాచిన చేతులతో మూలుగుతూనే ఇద్దరం ఆరు బర్రెల్నీ పిండాం. మున్షీతో మాత్రం ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

అట్లా మరో మూడేళ్ళు. ఆయన గల్లీ మొగదల నిలబడేవాడు, గింజలు తీయించేవాడు, వెళ్ళేవాడు. మేము వినేవాళ్ళం, నమ్మేవాళ్ళం, ఇళ్ళల్లోకి వెళ్ళి తలుపులు వేసుకునేవాళ్ళం.

ఒక చలికాలం రెండు మూడు వారాలు ఆయన రాలేదు. జ్వరమట అని గాజులామె అంది. తర్వాత ఒక పొద్దున కచేరీ చప్రాసీ మా గల్లీకి వచ్చాడు. అత్తా నేనూ అరుగు మీద ఉన్నాం. అతని చేతిలో మున్షీ గుడ్డసంచి చూసి లేచి నిలబడ్డాను.

"మున్షీ సాబ్ తగ్గిండమ్మా" అన్నాడు. ఏళ్ళ తరబడి ఆయనతో పనిచేసి ఆ మాటే వీడికీ అలవాటైంది.

"జరం తగ్గిందా?" అన్నాను. నిజంగానే సంతోషంగా అన్నాను.

"లేదమ్మా. మున్షీ సాబే తగ్గిండు. అఫ్జల్‌గంజ్ కాడ అర్రల ఒక్కడే ఉండె. నిన్ననే మూసీ ఒడ్డుకు కొంచవోయినం." చప్రాసీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గీ గల్లీల, పాలోళ్ళ ఇంట్ల, ఆయనకు చెల్లె ఉన్నదట. గీ సంచి ఆమెకియ్యుమన్నడు. రిజిష్టర్ల తండ్రి పేరు గూడ రాయాలె. మా కచేరీల ఎవలకు ఎరికలేదు. చెల్లె మీరేనా?"

మా అత్త నా వైపు తిరిగింది. నా పుట్టింట్లో మగపిల్లలే లేరని ఆమెకు తెలుసు. పరాయి మగవాడితో ఎన్నడు మాట్లాడావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క మధ్యాహ్నమే ఉంది. తలుపు నా వెనకే ఉంది. లోపలికి పోవచ్చు.

"నేనే" అన్నాను. "ఆయన మా అన్న."

"తండ్రి పేరు?"

"తెల్వదు."

"అన్న అంటివి గద?"

"అన్ననే. పేరే అడగలే" అని, సంచి అందుకుని, గల్లీ అంతా చూస్తుండగా ఏడ్చాను. చప్రాసీ వెళ్ళిపోయిన తర్వాత కూడా ఏడ్చాను.

మా అత్త ఒక్క మాట అడగలేదు. లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి పొయ్యిలో పుల్లలు విరిచిన చప్పుడు, కాగులో నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. సంచి విప్పి చూశాను. నల్లటి గింజల మధ్య ఒక తెల్లది కొత్తగా గీకింది, ఇంకొకటి పాతబడి పసుపెక్కింది. నేను గడప మీదుగా తోసింది అదే.

"ఇంక కూసున్నవేందే?" అని లోపలి నుంచి మా అత్త కేకేసింది. "నీళ్ళు కాగినయి. మీ అన్న పోయిండు గద, తలకు పోసుకో రా."